ఒప్పందంలో రాయని చోటే తగవు

గుత్త పని అంటే పని పరిమాణాన్నీ ధరనూ ముందే నిశ్చయించుకుని, రోజుకూలితో నిమిత్తం లేకుండా ఆ పని మొత్తాన్ని పూర్తిచేసి అప్పగించే బాధ్యతను ఒక మనిషి తన మీద వేసుకోవడం. ఏ సంస్థలోనూ జీతానికి కుదరకుండా, తన పనిముట్లతోనూ తాను కూడగట్టుకున్న కూలీలతోనూ యజమాని స్థలంలో ఇల్లు కట్టి ఇచ్చే మేస్త్రీకి ఈ బాధ్యతలో రెండు భాగాలుంటాయి: ఒకటి గోడను నిలబెట్టడం, రెండోది ఇరుపక్షాల మాటను నిలబెట్టడం. మొదటిదాన్ని అతడు ఎవరో ఒక పెద్ద మేస్త్రీ దగ్గర ఏళ్ల తరబడి తాపీ పట్టి నేర్చుకుంటాడు. రెండోదాన్ని నేర్పే గురువు ఉండడు గనుక, ఇంటింటి దగ్గరా కొంత సొమ్ము వదులుకుని నేర్చుకుంటాడు. ఈ అధ్యాయం రెండో భాగానికి సంబంధించినది.

మేస్త్రీలు ‘మొండి యజమాని’ అని చెప్పుకునే మనిషి, ముగ్గు పోసిన నాటికి సాధారణంగా మొండివాడు కాడు. ఒప్పందం నాడు ఎవరూ పలకని అంశం దగ్గరికి పని చేరుకున్నప్పుడు అలా మారతాడు. పునాది ఎంత లోతు, సజ్జను ఏ లెక్కన కొలవాలి, నీళ్లు పట్టేది ఎవరు, మెట్ల గదికి రేటు ఉందా లేదా అనే ప్రశ్నలకు మొదటి రోజు జవాబు దొరకకపోతే, రెండు పక్షాలూ తమకు అనుకూలమైన జవాబును మనసులో రాసుకుంటాయి. నాలుగు నెలల తరువాత ఆ రెండు రాతలూ ఒకదానికొకటి ఎదురుపడతాయి. మొదటినుంచీ ఎగవేసే ఉద్దేశంతోనే పని మొదలుపెట్టేవాడు కూడా ఉంటాడు గాని, అతని సంగతి వేరు, అతణ్ని గుర్తించే పద్ధతీ వేరు.

నాందేడ్ జిల్లా ఉత్తర భాగంలో, పెన్‌గంగ నదికి చేరువగా, ముద్ఖేడ్–ఆదిలాబాద్ రైలు మార్గం మీద ఉన్న హిమాయత్‌నగర్ వంటి తాలూకా పట్టణంలో ఈ విద్య అవసరం మరికొంత ఎక్కువ. వాఢోణా అనే పాత పేరున్న ఈ ఊరు, చుట్టుపక్కల మరాఠ్వాడా అంతటితో పాటు, 1956 నాటి రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ వరకు హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది. పొరుగున ఉన్న కిన్వట్ అప్పటిదాకా ఆదిలాబాద్ జిల్లాలోనూ, ఇప్పుడు తెలంగాణలో ఉన్న ముధోల్ నాందేడ్ జిల్లాలోనూ ఉండేవి. అందువల్ల ఈ సరిహద్దు తాలూకాల్లో తెలుగు, మరాఠీ, ఉర్దూ కలగలిసే వినిపిస్తాయి. నిర్మాణ పనిలో తెలుగువారి చేయి కూడా పాతదే: రాతి పని, మట్టి పని వృత్తిగా గల వడ్డెరలు మహారాష్ట్రలో వడార్లనే పేరుతో తెలుగు యాసనే ఇంటి భాషగా నిలుపుకున్నారు, నిజాం ఇలాకా నుంచి బొంబాయికి వలస వెళ్లిన కామాఠీలు అక్కడి కట్టడాలకు కూలి చేసి, కామాఠీపుర అనే పేటకు తమ పేరునే ఇచ్చారు.

ఈ భాషా సంగమానికి ఒక ఇబ్బంది ఉంది. యజమాని మరాఠీలో చెప్పినదాన్ని మేస్త్రీ తెలుగులో అర్థం చేసుకుంటాడు. కరార్‌నామా, అంటే ఒప్పంద పత్రం, తహసీలు కచేరీ దగ్గరి టైపు దుకాణంలో మరాఠీలో తయారవుతుంది. మాట్లాడటం ఎంత ధారాళంగా వచ్చినా చదవడం రాని మేస్త్రీ దాని కింద సంతకం చేస్తాడు. ఇటువంటి చోట మేస్త్రీ తప్పనిసరిగా పాటించవలసిన పద్ధతి ఏమిటంటే, పత్రాన్ని మూడో మనిషి చేత ఇద్దరి ఎదుటా పైకి చదివించుకోవడం, రేట్లూ కొలతలూ ఉన్న పట్టికను మాత్రం తన చేత్తో తనకు వచ్చిన లిపిలో వేరే కాగితం మీద రాసి, దాని మీద కూడా యజమాని సంతకం తీసుకోవడం. అంకెలకు భాషాభేదం లేదు గనుక, ఆ పట్టికే చివరికి అందరికీ అక్కరకొస్తుంది.

నోటిమాట ఒప్పందానికి చట్టంలో విలువ లేదనే అభిప్రాయం సరైనది కాదు. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం ప్రకారం ఇరుపక్షాలూ స్వేచ్ఛగా అంగీకరించి, చట్టసమ్మతమైన పనికి చట్టసమ్మతమైన ప్రతిఫలం నిర్ణయించుకుంటే చాలు, అది మాట రూపంలో ఉన్నా ఒప్పందమే. ఇబ్బందంతా రుజువు దగ్గర వస్తుంది. స్టాంపు విషయంలో కూడా ఇటువంటి పొరపాటే ప్రచారంలో ఉంది: స్టాంపు లేని కాగితం చెల్లని కాగితం అయిపోదు, కాని తగిన సుంకమూ జరిమానా కట్టేవరకు కోర్టు దాన్ని సాక్ష్యంగా తీసుకోదు. మహారాష్ట్రలో 2024 అక్టోబరు నుంచి 100, 200 రూపాయల స్టాంపు పత్రాలతో నడిచే సాధారణ ఒప్పందాలకు 500 రూపాయల స్టాంపు అవసరమైంది. పని విలువ పెద్దదైనప్పుడు సుంకం పెరిగే అవకాశం ఉంది గనుక, ఎంత కట్టాలో స్టాంపు అమ్మేవారినో వకీలునో ముందుగా అడగడం మేలు.

కొలత

ఇంటి పనిలో తగవులకు అన్నిటికన్నా పెద్ద మూలం కొలత, ఎందుకంటే రేటును అందరూ గట్టిగా బేరమాడుతారు గాని, ఆ రేటును దేనితో గుణించాలో బేరమాడరు. చదరపు అడుగు లెక్కన కుదిరిన పనిలో, గోడల బయటి అంచు నుంచి బయటి అంచుకు కొలవడం మేస్త్రీల వాడుక. లోపలి గచ్చును కొలిచి అదే ఇంటి వైశాల్యం అనుకోవడం యజమానుల వాడుక. బయటి అంచులతో 25 అడుగుల వెడల్పు, 36 అడుగుల పొడవు ఉన్న ఇల్లు 900 చదరపు అడుగులు. చుట్టూ తొమ్మిదంగుళాల గోడ తీసేస్తే లోపలి కొలత 23.5, 34.5 అడుగులై, మధ్య గోడలను లెక్కలోకి తీసుకోకముందే వైశాల్యం 810.75 చదరపు అడుగులకు దిగుతుంది. కూలి రేటు చదరపు అడుగుకు 300 రూపాయలని అనుకుంటే, ఒకే ఇంటి మీద ఒకే రేటుతో తేడా 26,775 రూపాయలు వస్తుంది. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పకుండానే ఇంత మొత్తం మీద ఇద్దరూ ఒకరినొకరు దొంగలనుకునే పరిస్థితి ఏర్పడుతుంది. బాల్కనీ, మెట్ల మీద కప్పు, సజ్జలు, ప్రహరీ, నీటి తొట్టి, సెప్టిక్ ట్యాంకు చదరపు అడుగు రేటులో కలిసే ఉన్నాయా, సగం లెక్కనా, వేరే రేటుకా అనేది పేరుపేరునా రాయాలి. ‘మొత్తం పని’ అనే మాట ఎంత తరచుగా వాడతారో అంత ప్రమాదకరమైనది.

ప్లాస్టరు కొలతలో తలుపులూ కిటికీలూ తగవుకు కారణమవుతాయి. రంధ్రాన్ని తీసివేయాలని యజమాని, అంచులు తీర్చడానికి పట్టే శ్రమకు అది సరిపోతుందని మేస్త్రీ వాదిస్తారు. ఈ వాదనకు భారత ప్రమాణాల సంస్థ ఏనాడో పరిష్కారం చూపింది. భవన నిర్మాణ పనుల కొలత పద్ధతిని చెప్పే ఐఎస్ 1200 అనే ప్రమాణంలోని 12వ భాగం ప్రకారం, అర చదరపు మీటరు (దాదాపు 5.4 చదరపు అడుగులు) వరకు ఉన్న రంధ్రానికి తీసివేత ఉండదు, అర నుంచి 3 చదరపు మీటర్ల మధ్య ఉంటే గోడ ఒక వైపు మాత్రమే తీసివేసి, అంచుల ప్లాస్టరును వేరుగా లెక్కించరు, 3 చదరపు మీటర్లు దాటితే రెండు వైపులా తీసివేసి, అంచుల కొలతను కలుపుతారు. మామూలు ఇంటి తలుపు 3 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తుతో 21 చదరపు అడుగులు, నాలుగడుగుల కిటికీ 16 చదరపు అడుగులు అనుకుంటే, రెండూ మధ్య తరగతిలోకే వస్తాయి. ఆరు తలుపులు, ఎనిమిది కిటికీలు ఉన్న ఇంట్లో గోడకు రెండు వైపులా ప్లాస్టరు చేసినప్పుడు, ఒక వైపు తీసివేతకూ రెండు వైపుల తీసివేతకూ మధ్య తేడా 254 చదరపు అడుగులు. ‘కొలతలు ఐఎస్ 1200 ప్రకారం’ అనే ఒక్క వాక్యం ఒప్పందంలో ఉంటే ఈ వాదన అసలు పుట్టదు. ప్రభుత్వ పనుల్లో గుత్తేదార్లు దశాబ్దాలుగా పాటిస్తున్న ఈ నియమం ఊరి మేస్త్రీకి తెలియకపోవడం విచారించదగ్గ విషయం.

పదార్థాల కొలతకు మహారాష్ట్రలో బ్రాస్ వాడుకలో ఉంది. ఇసుక, కంకర, మొరం విషయంలో బ్రాస్ అంటే 100 ఘనపు అడుగులు, సుమారు 2.83 ఘనపు మీటర్లు. ప్లాస్టరు, గచ్చు పనుల్లో అదే పేరు 100 చదరపు అడుగులకు చెల్లుతుంది. ట్రాక్టరు లెక్కకు అలవాటుపడి ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చిన మేస్త్రీ, ఏ బ్రాస్ అని అడగకుండా రేటు ఒప్పుకోకూడదు. ఇసుక ధర వేలాలనూ వరదలనూ ప్రభుత్వ విధానాలనూ బట్టి మారుతుంటుంది గనుక, పదార్థంతో సహా గుత్త తీసుకునేవాడు ఇసుకకూ సిమెంటుకూ ఉక్కుకూ ఒప్పందం నాటి ధరను పత్రంలో రాసి, ఆ ధర ఎంత శాతం దాటితే పెరుగుదల యజమాని భరించాలో, అంత శాతం దిగితే తగ్గుదల యజమానికి ఎలా చెందాలో రెండూ రాయాలి. ఒక్క వైపే రాస్తే యజమాని అనుమానించడంలో తప్పులేదు.

పునాది

మరాఠ్వాడా నల్లరేగడి నేల వానాకాలంలో నీరు పీల్చి ఉబ్బి, వేసవిలో బీటలు వారేటంతగా కుంచించుకుపోతుంది. ఈ కదలిక గోడల్లో పగుళ్లుగా బయటపడుతుంది. అందువల్ల రేగడి పొరను దాటి గట్టి మొరం తగిలేదాకా తవ్వడమో, ఇంజనీరు సూచించిన మరో రకం పునాది వేయడమో తప్పదు. మొరం ఎన్ని అడుగుల లోతున తగులుతుందో తవ్వకముందు చెప్పడం కష్టం, పక్క పక్క స్థలాల్లో కూడా తేడా రావచ్చు. అయినా చాలా ఒప్పందాల్లో పునాదికి ఒక మొత్తం రేటు మాత్రమే ఉంటుంది. అయిదడుగులకు లెక్కవేసిన మేస్త్రీకి ఎనిమిదడుగులు తవ్వవలసి వస్తే రెండే దారులు మిగులుతాయి: నష్టం భరించడం లేదా లోతు తగ్గించడం. రెండోది ఇంటికి కీడు, చివరికి మేస్త్రీ పేరుకూ కీడు.

దీనికి మందు సులభం. చెప్పిన రేటు ఫలానా లోతు వరకేనని, ఆపైన తవ్వకానికీ పూడికకూ కాంక్రీటుకూ ఘనపు అడుగుకు ఇంత అని ముందే రాయాలి. కాంక్రీటు పోయకముందు యజమాని సమక్షంలో ప్రతి గుంత లోతునూ టేపుతో కొలిచి, టేపు అంకె కనబడేలా ఫొటో తీసి, పుస్తకంలో ఇద్దరూ సంతకం చేయాలి. పూడ్చిన పునాదిని మళ్లీ కొలవడం ఎవరి తరమూ కాదు.

పని నడుమ వచ్చే మార్పులు

ఒప్పందంలో లేని పనిని యజమాని నడుమ కోరడాన్ని అదనపు పని అంటారు. ఇంటి పనిలో అదనపు పని ఎప్పుడూ చిన్న మాటగానే వస్తుంది: ఇంకో అలమర, దేవుడి గదికి ఒక గూడు, వంటగది గట్టు కాస్త పొడవు. అడిగేటప్పుడు యజమాని దాన్ని స్నేహంగా భావిస్తాడు, చేసేటప్పుడు మేస్త్రీ దాన్ని బాకీగా భావిస్తాడు. ఒప్పందాల చట్టం 70వ సెక్షన్ ప్రకారం, ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా చట్టబద్ధంగా చేసిన పని వల్ల ప్రయోజనం పొందినవాడు ప్రతిఫలం ఇవ్వవలసిందే. అయితే ‘ఉచితంగా చేసే ఉద్దేశం లేదు’ అనేది పని ముగిశాక నిరూపించడం కన్నా, పని మొదలుకాకముందు ఒక వాక్యంలో చెప్పడం ఎంతో తేలిక. కార్బన్ పెట్టి రాసే రెండు ప్రతుల పుస్తకం ఒకటి పనిచోట ఉంచి, మార్పు ఏమిటి, దాని ధర ఎంత, గడువు ఎన్ని రోజులు పెరుగుతుంది అనే మూడు సంగతులు రాసి సంతకం తీసుకున్నాకే తాపీ ఎత్తాలి. సంతకానికి యజమాని అందుబాటులో లేకపోతే అవే మూడు సంగతులు వాట్సాప్‌లో పంపి, ‘సరే’ అనే జవాబు వచ్చేవరకు ఆగాలి. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం ప్రకారం ఎలక్ట్రానిక్ సందేశాలు సాక్ష్యంగా చెల్లుతాయి, కాని 63వ సెక్షన్ చెప్పిన ధ్రువపత్రం జతచేయాలి గనుక ఆ ఫోనును, ఆ సందేశాలను చెరపకుండా భద్రపరచుకోవాలి.

వాస్తు పేరిట వచ్చే మార్పుల గురించి వేరుగా చెప్పుకోవాలి. గోడలు లింటెల్ ఎత్తుకు, అంటే తలుపుల పైభాగానికి అడ్డంగా పోసే కాంక్రీటు పట్టీ దాకా వచ్చాక, ఇంటికి బంధువు ఎవరో వచ్చి మెట్లు ఈశాన్యంలో పడ్డాయనో, వంటగది తలుపు జరపాలనో చెప్పడం తెలుగు ఇళ్లలో గాని మరాఠీ ఇళ్లలో గాని అరుదు కాదు. యజమాని విశ్వాసంతో వాదించడం మేస్త్రీ పని కాదు, అలా వాదించి గెలిచిన మేస్త్రీ కూడా కనబడడు. ముగ్గు పోయకముందే వాస్తు చెప్పేవారిని పిలిపించి, నక్షా మీద వారికి ఆమోదమేనని రాయించుకోవాలి, ప్లింత్, అంటే నేల మట్టం పైకి లేచిన పీఠం, పూర్తయ్యాక వచ్చే వాస్తు మార్పులకు కూల్చే కూలీ తిరిగి కట్టే కూలీ రెండూ అదనమని ఒప్పందంలోనే చేర్చాలి.

ఉమ్మడి కుటుంబాల్లో ఆజ్ఞ ఇచ్చే నోళ్లు ఎక్కువ. తండ్రి ఒక మాట, పొలం చూసే పెద్దకొడుకు ఒక మాట, పుణెలోనో హైదరాబాద్‌లోనో ఉద్యోగం చేస్తూ డబ్బు పంపే చిన్నకొడుకు ఫోనులో మరో మాట చెబుతారు. ఇంట్లో ఎక్కువ కాలం గడిపే ఇల్లాలిని వంటగది గురించి కూడా ఎవరూ అడగరు, గట్టు పోశాక ఆమె చెప్పేదే నిజమవుతుంది. మార్పులు చెప్పే అధికారం ఎవరిదో ఒకే పేరు పత్రంలో ఉండాలి. ఆ పేరు ఎవరిదైనా, వంటగది, నీళ్ల గది కొలతలు ఖరారు చేసే రోజున ఇంటి స్త్రీలను కూర్చోబెట్టి మాట్లాడే మేస్త్రీకి సగం మార్పులు తప్పుతాయి.

పట్టణ పరిధిలో అనుమతి లేని మార్పును మేస్త్రీ యజమాని మాట మీద చేయడం తగదు. మహారాష్ట్రలో 2020 డిసెంబరులో అమలులోకి వచ్చిన ఏకీకృత అభివృద్ధి నియంత్రణ నిబంధనలు నగర పంచాయతీలకు కూడా వర్తిస్తాయి. విడవవలసిన స్థలాన్ని ఆక్రమించి కట్టిన గోడ రేపు కూలితే, ‘మేస్త్రీ చెప్పలేదు’ అనే మాట ముందుగా వస్తుంది.

డబ్బు నడక

కూలీలకు డబ్బు వారం వారం, బజారు రోజుకు అందాలి. రైతు యజమానికి డబ్బు పంట నాటికి గాని చేతికి రాదు. సోయాబీను దసరా, దీపావళి రోజుల్లో అమ్ముడవుతుంది, పత్తి అక్కడినుంచి చలికాలం చివరి దాకా విడతలుగా వస్తుంది, పసుపు వేసవికి తేలుతుంది. వారపు ఖర్చుకూ పంట రాబడికీ మధ్య ఉన్న ఈ ఎడాన్ని మేస్త్రీ ఉద్దెర తెచ్చి పూడుస్తూపోతే, వడ్డీ అతనికి, ఇల్లు యజమానికి దక్కుతాయి. యజమాని చెడ్డవాడు కాకపోయినా ఈ ఫలితం మారదు. అందుచేత ఒప్పందానికి ముందు అడగవలసిన మొదటి ప్రశ్న, ఏ డబ్బు ఏ నెలలో ఎక్కడినుంచి వస్తుందనేది. అది అమర్యాద అనుకుని మానేయడం వల్లనే స్లాబు దగ్గర పనులు ఆగుతాయి.

ప్రభుత్వ సాయంతో కట్టే ఇళ్లకు ఈ ప్రశ్న మరింత ముఖ్యం. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ విభాగంలో మైదాన ప్రాంతపు ఇంటికి 1.20 లక్షల రూపాయల సాయం పని దశలను బట్టి, స్థలపు గుర్తుతో తీసిన ఫొటోలు ఎక్కించాక, విడతలుగా లబ్ధిదారు ఖాతాలోనే పడుతుంది; పట్టణ విభాగంలో సొంత స్థలంలో కట్టుకునేవారికి కేంద్రం వాటా 1.50 లక్షలు, దానికి రాష్ట్రం వాటా తోడవుతుంది. హిమాయత్‌నగర్ పట్టణం ఒక విభాగంలోకి, చుట్టూ ఉన్న పల్లెలు మరో విభాగంలోకి వస్తాయి గనుక, మేస్త్రీ తన విడతలను ఆ పథకపు దశలతో సరిపోల్చి రాసుకోవాలి. విడత ఆలస్యమైతే పని ఎన్ని రోజులు ఆగుతుందో, ఆ కాలంలో సెంట్రింగ్ (స్లాబు కింది పలకలు, మద్దతులు) అద్దె ఎవరిదో కూడా తేలాలి.

విడతల విషయంలో ఒక సూత్రం ఉంది: ఏ రోజునైనా యజమాని మేస్త్రీకి ఒక దశ కూలికి మించి బాకీ ఉండకూడదు, మేస్త్రీ యజమాని దగ్గర ఒక దశకు మించి ముందుగా తీసుకోకూడదు. కూలి గుత్తలో బయానాగా 10 శాతం, ప్లింత్‌కు 15, లింటెల్‌కు 15, స్లాబుకు 25, ప్లాస్టరుకు 15, గచ్చుకూ ముగింపు పనులకూ 15, చివరికి 5 శాతం అనే క్రమం దీనికి దగ్గరగా ఉంటుంది. వాడుకలో చివరి విడతగా అయిదో వంతు దాకా వదిలేస్తారు, తగవులన్నీ అక్కడికే చేరి కూర్చుంటాయి. అంత మొత్తం చేతిలో ఉన్న యజమానికి లోపాలు వెతకాలనే కోరిక కలగడం మానవ సహజం. అయిదు శాతాన్ని మాత్రం తొలి వానాకాలం గడిచేదాకా యజమాని దగ్గరే ఉంచడానికి మేస్త్రీ తనంత తానే ఒప్పుకోవడం మంచిది. కప్పు కారకపోతే ఆ సొమ్ము ఇవ్వక తప్పదు, కారితే బాగుచేసి తీసుకోవచ్చు, బేరంలో ఈ మాట మరే తగ్గింపు కన్నా ఎక్కువ నమ్మకం పుట్టిస్తుంది.

నగదు గురించి: ఒక్క లావాదేవీకి సంబంధించి 2 లక్షలు గాని అంతకు మించి గాని నగదుగా పుచ్చుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం 2017 నుంచి నిషేధించింది, జరిమానా పుచ్చుకున్నవాడి మీద పడుతుంది. ఒక్క ఇంటికి కూలి మాత్రమే తీసుకుని చేసే కొత్త కట్టడపు పనికి జీఎస్టీ మినహాయింపు ఉంది. పదార్థంతో సహా చేసేవారు 20 లక్షల వార్షిక పరిమితి దాటుతున్నారో లేదో చూసుకోవాలి.

హడావుడిపెట్టే యజమాని, అనుమానించే యజమాని

గృహప్రవేశం ముహూర్తం పెట్టుకున్నవాడు స్లాబు కింది మద్దతులను త్వరగా తీయమంటాడు. మేస్త్రీ ‘కుదరదు’ అంటే అది అతని మాట, ప్రమాణం చూపితే అది ప్రమాణపు మాట. కాంక్రీటు పనికి ప్రామాణికమైన ఐఎస్ 456 (2000) సాధారణ సిమెంటు వాడినప్పుడు, 4.5 మీటర్ల నిడివి వరకు ఉన్న స్లాబుల మద్దతులను కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు, 6 మీటర్ల వరకు దూలాల మద్దతులను 14 రోజులు ఉంచమంటుంది. నీళ్లు పట్టడానికి కనీసం 7 రోజులు, మిశ్రమ సిమెంటు అయితే 10, పొడిగా వేడిగా ఉండే కాలంలో కూడా 10, మిశ్రమ సిమెంటుకు వీలైతే 14 రోజుల దాకా పెంచమని కూడా అందులో ఉంది. కూలి గుత్తల్లో నీళ్లు పట్టడం చాలాచోట్ల యజమాని పనిగానే నడుస్తుంది, మే నెలలో బోరు ఎండినప్పుడు అది ఎవరి పనీ కాకుండా పోతుంది, పగులు కనిపించాక మేస్త్రీ పని అవుతుంది. అందుకని నీళ్ల బాధ్యత ఎవరిదో రాయడమే కాక, యజమానిదైతే తేదీలవారీగా ఒక చీటీ మీద టిక్కు పెట్టించాలి. సిమెంటు యజమాని తెచ్చినప్పుడు సంచి మీది తయారీ వారమూ సంచుల సంఖ్యా పుస్తకంలో ఎక్కించడం ఇటువంటిదే.

అనుమానించే యజమాని నిజానికి మేస్త్రీకి మేలైన యజమాని, ఎందుకంటే అతడు రోజూ వచ్చి చూస్తాడు, చూసినదాన్ని తరువాత కాదనలేడు. అతని ప్రశ్నలకు చిరాకుపడేవాడు మంచి సాక్షిని పోగొట్టుకుంటున్నాడు.

కోపం వచ్చిన యజమానికి కూలీల ఎదుట జవాబు చెప్పకూడదు. అతనికి అక్కడ తగ్గే అవకాశం ఉండదు, మేస్త్రీకీ ఉండదు. కాకా, మామా, అన్నా అని వరుసలు కలుపుకునే ఊళ్లో ఆ వరుసను మాటలో నిలుపుకుంటూనే సంగతిని టేపు మీదికి మళ్లించాలి: ‘కాకా, రేపు పొద్దున మనిద్దరమే టేపు పట్టి కొలుద్దాం, కొలత ఎంతొస్తే అంతే రాసుకుందాం’ అనే మాటకు ఎదురు చెప్పడం ఎవరికైనా కష్టం. లోపం నిజంగా తనదైతే మేస్త్రీ ఆ రోజే ఒప్పుకుని తేదీ చెప్పి సరిచేయాలి. ఇల్లు కట్టి ఇవ్వడం వినియోగదారుల చట్టం దృష్టిలో సేవే. 1993లో లక్నో అభివృద్ధి సంస్థ కేసులో సుప్రీంకోర్టు గృహనిర్మాణాన్ని సేవగా గుర్తించింది, ఇప్పుడు అమలులో ఉన్న 2019 చట్టం కింద యజమాని రెండేళ్లలోగా జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు.

పని ఒప్పుకోకూడని యజమాని గుర్తులు కొన్ని మొదటి భేటీలోనే కనిపిస్తాయి: ఇంతకుముందు మేస్త్రీ సగంలో వదిలేశాడని చెబుతూ అతని పేరు మాత్రం చెప్పనివాడు, రేటు మీద ఏమాత్రం బేరమాడకుండా కాగితం మీద మాత్రం ‘మన మధ్య ఎందుకు’ అనేవాడు, బయానాను పని మొదలయ్యాక ఇస్తాననేవాడు. మొదటి రకం దగ్గర పాత మేస్త్రీని వెతికి పట్టుకుని మాట్లాడటం ఒక పూట పని. ఖాళీగా ఉన్న నెలలో ఇటువంటి పనిని కాదనడం కష్టమే; అయినా కూలీలకు తన జేబులోంచి వారం చెల్లించడం అంతకన్నా కష్టం.

బాకీ నిలిచిపోయినప్పుడు

విడత రాకపోతే పని ఆపే హక్కు మేస్త్రీకి ఉంది. పరస్పర వాగ్దానాల్లో ఎదుటివాడు తన వంతు నెరవేర్చడానికి సిద్ధంగా లేనప్పుడు తాను తన వంతు చేయనక్కరలేదని ఒప్పందాల చట్టం 51వ సెక్షన్ చెబుతుంది. అయితే చెప్పకుండా ఆపినవాడు పారిపోయినవాడిగా కనిపిస్తాడు. అందుచేత బాకీ ఎంత, ఏ దశది, ఎన్ని రోజుల్లో రాకపోతే పని ఆగుతుంది అని రాసి, రుజువు ఉండే తపాలాలో పంపాలి. 2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో విలీనమైంది గనుక, స్పీడ్ పోస్టు రసీదును, అందినట్టు వచ్చే రుజువును నోటీసు ప్రతితో కలిపి ఉంచుకోవాలి. కోపంతో బిగించిన కిటికీలు ఊడదీయడం, తాళం వేయడం, కరెంటు తీగలు లాగేయడం వంటివి మేస్త్రీ బాకీని వసూలు చేయవు, అతని మీద పోలీసు కేసుకు దారితీస్తాయి.

చివరి విడతను చెక్కుగా తీసుకున్నప్పుడు అది చెల్లకపోతే, బ్యాంకు నుంచి కబురు అందిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. నోటీసు అందాక 15 రోజుల్లో డబ్బు రాకపోతే తరువాతి నెల రోజుల్లో నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద ఫిర్యాదు చేయాలి. ఈ గడువుల్లో ఏది దాటినా ఫిర్యాదు నిలవకపోవచ్చు. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం (2006) బాకీని 45 రోజుల్లో చెల్లించాలని, లేకపోతే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ అని చెబుతుంది. కాని పదార్థమూ శ్రమా కలిసిన పని ఒప్పందాలకు అది వర్తించదని బొంబాయి హైకోర్టు కొన్ని తీర్పుల్లో అభిప్రాయపడింది గనుక, దాని మీదే ఆశ పెట్టుకోవడం సరికాదు.

చిన్న మొత్తాలకు కోర్టు దావా కన్నా లోక్ అదాలత్ తగిన దారి. 1987 న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం కింద తాలూకా న్యాయసేవా సమితికి దరఖాస్తు పెట్టుకుంటే, దావా వేయకముందే ఇరుపక్షాలనూ పిలిపించి రాజీకి కూర్చోబెడతారు. అక్కడ కుదిరిన రాజీకి డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. ఊరి పెద్దమనుషుల ఎదుట కుదిరిన రాజీకి ఆ బలం లేదు గాని, అక్కడ కూడా బాకీ ఇంత ఉందని యజమాని రాసి సంతకం చేస్తే అది వృథా కాదు. చెల్లింపు తేదీ ముందుగా నిర్ణయించుకోని పనికి కూలి కోసం దావా వేసే గడువు పని ముగిసిన నాటి నుంచి మూడేళ్లు. ఆ గడువు తీరకముందు యజమాని బాకీని రాతపూర్వకంగా ఒప్పుకుంటే, ఒప్పుకున్న తేదీ నుంచి మళ్లీ కొత్తగా మూడేళ్లు లెక్కకు వస్తాయి. అందువల్ల ఇల్లు అప్పగించే రోజున తుది కొలతల మీదా, చెల్లిన మొత్తం, మిగిలిన మొత్తం రాసిన కాగితం మీదా ఇద్దరి సంతకాలూ తీసుకుని, కొలతల పుస్తకం, మార్పుల పుస్తకం, ఫొటోలు, రసీదులు ఒకే సంచిలో యజమాని పేరు రాసి పెట్టాలి. తొలి వానాకాలం తరువాత ఆఖరి అయిదు శాతం తీసుకునే నాడు వాటికి చివరి రసీదును జతచేసి, మూడేళ్లు దాటేవరకు ఆ సంచిని పారేయకూడదు.